చెయ్యెత్తి చూడండి



1968లో పారిస్‌లో బట్టలు కుట్టే దుకాణం ఒకటి మూతపడింది. ఆ కబురు ఇటలీలో కాప్రి దీవి దాకా వెళ్లింది. అక్కడ మోనా బిస్మార్క్ అని ఒక ధనవంతురాలు ఉండేది. కబురు విన్నదే తడవు ఆవిడ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మూడు రోజులు బయటికి రాలేదట. అప్పుడు ఆవిడ ఇంట్లో డయానా వ్రీలాండ్ అతిథిగా ఉంది. వ్రీలాండ్ అంటే అమెరికాలో వోగ్ పత్రిక సంపాదకురాలు. ఈ సంగతి లోకానికి చెప్పింది ఆవిడే. మాటలకి కాస్త మసాలా దట్టించడం ఆవిడకి అలవాటు. మూడు రోజులన్నది ఒక పూటే అయ్యుండొచ్చు. కానీ ఒకటి నిజం. మోనా బిస్మార్క్ పార్టీ గౌన్లే కాదు, తోటపనికి వేసుకునే నిక్కర్లు కూడా అక్కడే కుట్టించుకునేది. ఆ దుకాణం లేకపోతే ఇకమీదట ఏం కట్టుకోవాలో ఆవిడకి తోచలేదు.

ఆ దుకాణం యజమాని పేరు క్రిస్టోబాల్ బలెన్సియాగా. ఇవాళ మీతో ఆయన గురించి మాట్లాడాలని వచ్చాను.

ఈ పేరు మీ ఇంట్లో కుర్రాళ్లకి తెలిసే ఉంటుంది. లావుపాటి అడుగులున్న బూట్ల మీద, వదులు చొక్కాల మీద చూసి ఉంటారు. ఆ బూట్లకీ నేను చెప్పబోయే మనిషికీ పేరు తప్ప పెద్ద చుట్టరికం లేదు. ఆయన 1972లోనే పోయారు. తర్వాత ఆ పేరు చేతులు మారింది. ఇప్పుడు అదొక పెద్ద కంపెనీ సొత్తు. నేను చెప్పేది అసలు మనిషి సంగతి. సూదీ దారం పట్టుకున్న మనిషి సంగతి.

ఆయన పనిలో ఎన్నో ఉన్నాయి. నేను ఒక్కటే పట్టుకుంటాను. అది చెయ్యి. చెయ్యి అంటే జాకెట్టు చెయ్యి, చొక్కా చెయ్యి, కోటు చెయ్యి. ఆయన జీవితమంతా ఆ చెయ్యి కుదరడం కోసం తపించారు. మీరు ఈ ప్రసంగంలో ఇంకేం మర్చిపోయినా సరే, చెయ్యి ఒక్కటి గుర్తుంచుకోండి.

ముందు ఆయన ఎక్కడి నుంచి వచ్చారో చెబుతాను.

స్పెయిన్‌కి ఉత్తరాన సముద్రం ఒడ్డున బాస్క్ ప్రాంతం ఉంది. అక్కడ గెటారియా అని చేపలు పట్టుకునేవాళ్ల ఊరు. చిన్న ఊరే. కానీ ఓడలో మొట్టమొదటిసారి భూమి చుట్టూ తిరిగొచ్చిన ప్రయాణాన్ని పూర్తి చేసిన ఎల్కానో పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. బలెన్సియాగా 1895లో అక్కడ పుట్టారు. తండ్రిది పడవ మీద బతుకు. ఆయన పోయేటప్పటికి కుర్రాడికి 11 ఏళ్లు. తల్లి మార్టీనా బట్టలు కుట్టేది. ఆ కుట్టుపని మీదే ఇల్లు గడిచింది. కుర్రాడు తల్లి పక్కన కూర్చుని సూది పట్టడం నేర్చుకున్నాడు.

ఆ ఊళ్లో కొండ మీద జమీందారీ మేడ లాంటిది ఒకటి ఉండేది. వేసవికి కాసా టోర్రెస్ మార్కీజు కుటుంబం అక్కడికి వచ్చేది. ఆ ఇంటి పెద్దావిడకి మార్టీనా బట్టలు కుట్టేది. తల్లితో పాటు పిల్లవాడూ వెళ్లేవాడు. ఆవిడ గౌన్లు పారిస్ నుంచి వచ్చేవి. పిల్లవాడు వాటిని కళ్లార్పకుండా చూసేవాడు. ఒకరోజు ధైర్యం చేసి, అలాంటిది నేనూ కుట్టగలను అన్నాడట. ఆవిడ నవ్వి ఊరుకోలేదు. బట్ట ఇచ్చింది. నమూనాకి తన గౌను కూడా ఇచ్చింది. పిల్లవాడు కుట్టి పట్టుకొచ్చాడు. ఆవిడ దాన్ని తొడుక్కుని బయటికి వెళ్లిందని చెబుతారు.

ఇందులో కల్పన ఎంతో, నిజం ఎంతో తేల్చడం కష్టం. గొప్పవాళ్ల చిన్నతనం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. కానీ తర్వాత జరిగింది మాత్రం అందరికీ తెలిసినదే. 1960లో ఆ వంశపు ఆడపిల్ల ఫాబియోలా బెల్జియం రాజుని పెళ్లి చేసుకుంది. పెళ్లి గౌను కుట్టింది బలెన్సియాగా. తెల్లటి శాటిన్ బట్ట, అంచుకి తెల్లటి బొచ్చు. అంతకు మించి అలంకారం లేదు. రాణి కాబోయే పిల్లకి ముత్యాలూ రత్నాలూ కుట్టలేదు. నాకు ఈ గౌనంటే ప్రాణం. ఫొటో దొరికితే చూడండి.

ఆయన 12 ఏళ్లకే శాన్ సెబాస్టియన్ పట్నంలో దర్జీ దగ్గర పనికి చేరారు. తర్వాత సొంత దుకాణం పెట్టారు. మాడ్రిడ్‌లో, బార్సిలోనాలో కూడా తెరిచారు. వాటికి ఐసా అని పేరు పెట్టారు. తల్లి ఇంటిపేరులోంచి తీసుకున్న ముక్క అది. అంతలో 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చింది. దేశం తగలబడిపోతుంటే పట్టుగౌన్లు ఎవరికి కావాలి? ఆయన పారిస్ వెళ్లిపోయారు. 1937లో జార్జ్ 5 వీధిలో 10వ నంబరు భవనంలో దుకాణం తెరిచారు. అప్పటికి ఆయనకి 42 ఏళ్లు. పారిస్‌కి కొత్తే కానీ పనికి కొత్త కాదు. అప్పటికే 30 ఏళ్ల దర్జీ అనుభవం చేతిలో ఉంది.

ఈ అనుభవం గురించి ఒక్క మాట చెప్పాలి. ఫ్యాషన్ డిజైనర్లు చాలామంది బొమ్మ గీస్తారు. కోసేది ఒకరు. కుట్టేది మరొకరు. బలెన్సియాగా అలా కాదు. బొమ్మ గీయడం ఆయనకి ముఖ్యం కాదు. ముందు బట్ట. బట్టని చేత్తో పట్టుకుని చూడాలి. అది ఎలా జారుతుంది, ఎక్కడ నిలబడుతుంది, మడిస్తే ఏం చేస్తుంది అని చూడాలి. ఆ తర్వాతే ఏం కుట్టాలో నిర్ణయం. కోత ఆయనదే. కుట్టు ఆయనకి వచ్చు. రెండు చేతులతోనూ కుట్టగలిగేవారట. ప్రతి సీజన్‌లోనూ ఒక నల్ల గౌను మొదటి నుంచి చివరి దాకా తన చేత్తోనే చేసేవారని చెబుతారు. ఎవరినీ ఊరికే మెచ్చుకోని కోకో షనెల్ కూడా ఈ పనితనాన్ని ఒప్పుకుంది. క్రిస్టియన్ డియోర్ అయితే ఆయన్ని మా అందరికీ గురువు అనేవారు.

సరే, ఇక చెయ్యి దగ్గరికి వద్దాం.

మీరు ఇప్పుడు ఒక పని చేయండి. వంట చేస్తూ వింటున్నవాళ్లు గరిటె పక్కన పెట్టండి. కుడిచెయ్యి పైకెత్తండి. అటక మీద డబ్బా అందుకునేటప్పుడు ఎంత ఎత్తుతారో అంత ఎత్తండి. ఏమైంది? జాకెట్టు మొత్తం పైకి లేచిందా? కింద పట్టీ జరిగిపోయిందా? భుజం మీద ముడత పడి మెడ దగ్గర ఇబ్బందిగా ఉందా? మనలో చాలామందికి అలాగే అవుతుంది. బస్సులో పైకడ్డీ పట్టుకుంటే చాలు, రెండో చేత్తో జాకెట్టు కిందికి లాక్కుంటాం. ఎన్నేళ్లుగానో లాక్కుంటున్నాం. బట్ట అంటే ఇంతే కాబోలు అనుకుంటున్నాం.

కాదండీ. అది కోతలో వచ్చిన చిక్కు.

ఎలాగో చెబుతాను. మన చెయ్యి తిరిగేది భుజం కీలు దగ్గర. జాకెట్టు చెయ్యి మొదలయ్యేది చంక దగ్గర. ఈ రెండూ ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. అప్పుడు చెయ్యి కదిలినా జాకెట్టు తన చోటే ఉంటుంది. చంక కిందికి దిగిపోయిందనుకోండి. చంక కింద నుంచి మోచేతి దాకా ఉండే కుట్టు పొట్టిదైపోతుంది. చంక నుంచి నడుం దాకా ఉండే పక్క కుట్టు కూడా పొట్టిదైపోతుంది. చెయ్యి ఎత్తగానే అక్కడ బట్ట చాలదు. చాలనప్పుడు ఏం చేస్తుంది? నడుం దగ్గర నుంచి లాక్కుంటుంది. అందుకే జాకెట్టు పైకి లేస్తుంది.

ఇప్పుడు తమాషా చూడండి. చంక పట్టేస్తోందయ్యా అని మనం దర్జీకి చెబుతాం. దర్జీ ఏం చేస్తాడు? కత్తెర తీసుకుని చంకని ఇంకో అరంగుళం కిందికి కోస్తాడు. తొడుక్కోగానే హాయిగా ఉంటుంది. చేతులు కిందికి ఉన్నంతసేపూ హాయిగానే ఉంటుంది. చెయ్యెత్తితే మాత్రం మునుపటికన్నా ఎక్కువ లాగుతుంది. వదులు చేస్తే సుఖం అని మనకి నమ్మకం. చంక దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. చంక పైకి ఉండాలి. ఒంటికి దగ్గరగా ఉండాలి. వదులు ఇవ్వాల్సింది చెయ్యి వెడల్పులో. మరోసారి చెబుతున్నాను. చంక పైకి. వదులు చేతిలో.

ఇక్కడితో అయిపోతే బలెన్సియాగా జీవితమంతా తపించాల్సిన పనేముంది? ఇంకో మెలిక ఉంది. చెయ్యి ముక్కని విప్పి బల్ల మీద పరిస్తే పైభాగం గుండ్రంగా లేచి ఉంటుంది. భుజానికి అతికేది అదే. ఆ గుండ్రాన్ని ఎత్తుగా కోస్తే చెయ్యి దించినప్పుడు నున్నగా, ముడత లేకుండా ఉంటుంది. ఫొటోకి చాలా బాగుంటుంది. కానీ చెయ్యెత్తడం కష్టం. అదే గుండ్రాన్ని తక్కువగా కోస్తే చెయ్యి హాయిగా లేస్తుంది. కానీ దించినప్పుడు చంక దగ్గర బట్ట కుప్పపడుతుంది. అందం కావాలంటే కదలిక పోతుంది. కదలిక కావాలంటే అందం పోతుంది. దర్జీలందరూ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట రాజీపడతారు. ఈ మహానుభావుడు రాజీపడలేదు. నున్నగానూ ఉండాలి, చెయ్యి లేవాలి కూడా అన్నారు.

దాని కోసం ఎన్ని దారులు తొక్కారో! కొన్ని కోట్లకి చేతుల్ని విడిగా అతకలేదు. భుజం, చెయ్యి కలిపి ఒకే ముక్కగా కోశారు. చంక కింద చిన్న ముక్క ఒకటి వేశారు. చెయ్యెత్తితే ఆ ముక్క విచ్చుకుంటుంది. దించితే లోపలికి ముడుచుకుని కూర్చుంటుంది. మన లాల్చీకి చంక కింద నలుచదరపు ముక్క వేస్తారు చూశారా, దాని పనీ ఇదే. నాగలి పట్టుకోవాలన్నా, తాడు లాగాలన్నా చేతులు ఆడాలి కదా. ఆ పాత కిటుకునే ఆయన పారిస్ పట్టుకోటుకి తెచ్చారు. కాకపోతే ముక్క ఎక్కడుందో కంటికి కనిపించదు. 1961లో ఒక కోటు చేశారు. దానికి ఉన్నది ఒకే ఒక్క అతుకు. చేతులతో సహా మొత్తం కోటు ఒకే బట్టలోంచి వచ్చింది. దాని కోత పటం చూస్తే నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది.

కుదరని చెయ్యి కనిపిస్తే ఆయన చేతులు ఊరుకునేవి కావట. మొత్తం కుట్టడం అయిపోయిన బట్టకి చెయ్యి ఊడదీసేవారు. మళ్లీ గుండుసూదులు గుచ్చి అతికేవారు. మళ్లీ ఊడదీసేవారు. తన దుకాణంలోనే కాదు, తెలిసినవాళ్లు ఎవరైనా చెయ్యి సరిగా లేని కోటు వేసుకొస్తే దాన్నీ విప్పేసేవారని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పుకున్నారు. అలాంటి మనిషిని భోజనానికి పిలవాలంటే కాస్త ఆలోచించాల్సిందే.

చెయ్యి పొడవు సంగతి కూడా ఉంది. ఆయన కోట్లకీ జాకెట్లకీ చేతులు మణికట్టు దాకా రావు. కొంచెం పైనే ఆగిపోతాయి. గాజులు, గడియారం బయటికి కనిపిస్తాయి. అది ఒక లాభం. రెండో లాభం ఇంకా పెద్దది. మోచేతి కింది నుంచి చెయ్యి సన్నబడుతూ వస్తుంది. మణికట్టు దగ్గర అన్నిటికన్నా సన్నం. ఆ సన్నటి చోటు కనిపిస్తే చూసే కన్ను మనిషంతా సన్నంగానే ఉందనుకుంటుంది. దీన్ని మనం జాకెట్టుకి వాడుకోవచ్చు. జబ్బ ఎక్కడ లావుగా ఉందో సరిగ్గా అక్కడ చెయ్యి ఆగిపోతే, ఆ లావుకి గీత గీసి చూపించినట్టే. రెండంగుళాలు కిందికి దించండి. లేదా మోచేయి దాకా పెట్టండి. కుట్టుకూలి అంతే. బట్ట కాస్త ఎక్కువ పడుతుంది.

చెయ్యి తర్వాత ఆయన నేర్పింది ఇంకొకటి ఉంది. బట్టకీ ఒంటికీ మధ్య జాగా వదలడం. ఇదీ చేతికి పొడిగింపే.

1947 ఫిబ్రవరిలో డియోర్ తన మొదటి ప్రదర్శన పెట్టారు. సన్నగా బిగించిన నడుం. కింద గజాల కొద్దీ బట్టతో పెద్ద ఘేరా. రెండో ప్రపంచయుద్ధంలో చిరుగుల బట్టలు కట్టుకుని విసిగిపోయిన ఆడవాళ్లు దాన్ని చూసి మురిసిపోయారు. లోకమంతా నడుం బిగించింది. నేను డియోర్‌ని తక్కువ చేయను. అందంగానే ఉంటాయి. కానీ ఆ గౌను తొడుక్కుని కడుపునిండా తినలేరు.

బలెన్సియాగా వేరే దారిలో వెళ్లారు. 1951లో ఒక సూట్ చేశారు. ముందువైపు ఒంటికి సరిపోయి ఉంటుంది. వెనకవైపు వదులు. నడుము ఉందని ముందు నుంచి తెలుస్తుంది. వెనక గాలి ఆడుతుంది. తర్వాత 1957లో ఇంకా ముందుకు వెళ్లారు. నడుమే లేని గౌను. భుజాల నుంచి కిందికి తిన్నగా దిగుతుంది. దానికి గోనెసంచి అని పేరు పడింది. పత్రికలు వెటకారం చేశాయి. ఆడవాళ్ల నడుం ఎక్కడికి పోయిందని కార్టూన్లు వేశాయి. తర్వాత పదేళ్లకి ఊరూరా అమ్మాయిలు ఆ తిన్నటి గౌన్లే వేసుకున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఆండ్రే కుర్రేజ్, ఇమాన్యుయెల్ ఉంగారో అరవైల ఫ్యాషన్‌ని నడిపించారు.

ఈ వదులు వెనక ఒక మర్యాద ఉంది. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు అందరూ పాతికేళ్ల సుందరులు కాదు. యాభై దాటినవాళ్లు వచ్చేవాళ్లు. పొట్ట ఉన్నవాళ్లు, భుజాలు వంగినవాళ్లు, మెడ పొట్టిగా ఉన్నవాళ్లు వచ్చేవాళ్లు. ఆయన వాళ్ల ఒంటిని మార్చమనలేదు. బట్టనే మార్చారు. కాలరు మెడకి అంటుకోకుండా కొంచెం వెనక్కి జరిపారు. మెడ పొడుగ్గా కనిపించింది. ముత్యాల దండకి చోటు దొరికింది. నడుం పట్టీని అసలు నడుం మీద కాకుండా కాస్త పైనో, కాస్త కిందో ఉంచారు. పొట్ట ఎక్కడుందో ఎవరికీ తెలియదు. సినిమా తార ఏవా గార్డ్‌నర్ ఆయన దగ్గరికి వచ్చింది. మార్లీన్ డీట్రిచ్ వచ్చింది. వాళ్లకి ఏం కుట్టినా అందమే. అసలు పరీక్ష మామూలు ఒంటి దగ్గర.

జాగా వదలాలంటే బట్ట తనంతట తాను నిలబడాలి. మెత్తటి బట్ట ఒంటి మీదకి కూలిపోతుంది. గంజి పెట్టిన నేతచీర ఎలా నిలబడుతుందో మీకు తెలుసు. కుచ్చిళ్లు పెడితే చెప్పిన మాట వింటాయి. పవిట భుజం మీద ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. బలెన్సియాగాకి అలాంటి గుణం పట్టులో కావాల్సి వచ్చింది. ఉతికితే పోని గంజి కావాలన్నమాట. జూరిక్‌లో అబ్రహాం అనే బట్టల కంపెనీ ఉండేది. దాని యజమాని గుస్తావ్ జుమ్‌స్టెగ్‌తో కలిసి 1958లో ఒక కొత్త పట్టు తయారుచేయించారు. దాని పేరు గజార్. బాగా పురి పెట్టిన పట్టుదారాల్ని జంటగా నేస్తారు. ఆ పురి వల్లే బట్టకి నిలబడే గుణం వస్తుంది. తేలిగ్గా ఉంటుంది, కానీ వంచిన చోట వంగి అక్కడే ఆగుతుంది.

1967లో ఆ బట్టతో ఒక పెళ్లి గౌను చేశారు. అతుకులు దాదాపు లేవు. లేసు లేదు. పువ్వు లేదు. తల మీద మామూలు మేలిముసుగు బదులు అదే బట్టతో ముందుకి పొడుచుకొచ్చిన తలకట్టు. చర్చిలో సన్యాసినుల తలగుడ్డ గుర్తొస్తుంది. చిన్నప్పుడు గెటారియాలో ఆయన చూసిన పాదిరీల అంగీలు, బెస్తవాళ్ల వదులు చొక్కాలు ఇలా ఎక్కడెక్కడో తేలుతుంటాయి. 1939లో అయితే తిన్నగా వెలాస్కెజ్ చిత్రాల్లోని రాకుమార్తెల గౌన్లే పట్టుకొచ్చారు.

అన్నీ కుదిరాయని చెప్పను. అదే 1967లో గజార్‌తో నల్లటి గౌను ఒకటి చేశారు. పైన నాలుగు మూలలు లేచి ఉంటాయి. మనిషి కవరులో దూరినట్టు ఉంటుంది. మ్యూజియంలో చూడ్డానికి అద్భుతం. కానీ రెండే అమ్ముడుపోయాయట. అందులో ఒకటి కొన్నావిడ తిరిగి ఇచ్చేసిందని చెబుతారు. కారణం, అది వేసుకుని బాత్‌రూమ్‌కి వెళ్లడం కుదరలేదట. ఇంత మర్యాద తెలిసిన దర్జీ అక్కడ మాత్రం బట్ట మీద మోజులో పడి లోపలి మనిషిని మర్చిపోయారు.

మనిషి మాత్రం చాలా గుట్టు. గ్లామర్ అంతా బట్టల్లోనే. ఆయన బయటికి వచ్చేవారే కాదు. ప్రదర్శన అయిపోయాక వేదిక మీదకి వచ్చి దండం పెట్టే అలవాటు లేదు. దుకాణంలో గట్టిగా మాట్లాడకూడదు. అందరూ గుసగుసలే. అసలు ఆయన ఉన్నారా అని కొందరు విలేకరులు అనుమానపడ్డారట. 1956 నుంచి ఆయనా, స్నేహితుడైన తోటి డిజైనర్ జివాన్షీ కలిసి ఒక నియమం పెట్టారు. కొనేవాళ్లు ముందు చూస్తారు. పత్రికలవాళ్లు ఒక నెల తర్వాత చూడాలి. నకళ్ల బెడద తగ్గించడానికి. పత్రికలకి ఒళ్లు మండింది. ఆయన పట్టించుకోలేదు. అంత గుట్టు మనిషీ చివరికి 1971లో, పని మానేశాక, లండన్ టైమ్స్‌కి చెందిన ప్రూడెన్స్ గ్లిన్‌తో మాట్లాడారు.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. యుద్ధకాలంలో జర్మన్లు పారిస్‌ని ఆక్రమించినా ఆ దుకాణం నడుస్తూనే ఉంది. స్పెయిన్ నియంత ఫ్రాంకో భార్యకి ఆయన బట్టలు కుట్టారు. 1972 మార్చిలో ఫ్రాంకో మనవరాలి పెళ్లి గౌను కుట్టారు. అదే ఆయన ఆఖరి పని. ఆ నెలలోనే చనిపోయారు. దర్జీ కొలతలు తీస్తాడు, రాజకీయాలు అడగడు అని కొందరు సర్దిచెబుతారు. నాకు అది పూర్తిగా మింగుడు పడదు. ఆయన చేతిని మెచ్చుకుంటూనే ఈ మాట కూడా చెప్పుకోవాలి.

1968లో దుకాణం ఎందుకు మూశారు? ఆయనకి 73 ఏళ్లు. లోకం రెడీమేడ్ వైపు తిరిగింది. ఒక్కొక్క మనిషికీ కొలతలు తీసి, చెయ్యి పదిసార్లు విప్పి కుట్టే రోజులు పోయాయి. రెడీమేడ్ చేయమంటే ఆయన చేయలేదు. ఎయిర్ ఫ్రాన్స్ విమానాల్లో పనిచేసే అమ్మాయిలకి యూనిఫాం మాత్రం గీసిచ్చారు. వందలమందికి ఒకే రకం బట్ట. పైన అరలు అందుకోవాల్సిన అమ్మాయిలకి చెయ్యి ఎంత ముఖ్యమో ఆలోచించండి.

2017లో లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంవాళ్లు ఒక పని చేశారు. ఆయన గౌన్లకి ఎక్స్‌రే తీయించారు. మనకి ఎముక విరిగితే తీసే ఎక్స్‌రేనే. పైకి సాదాగా, గాలికి తేలిపోతున్నట్టు కనిపించే గౌను లోపల ఎంత పని ఉందో అప్పుడు అందరికీ కనిపించింది. సన్నటి ఊచలు, పట్టీలు, అంచు ఎగరకుండా లోపల దాచిన చిన్న చిన్న బరువులు. పైన ఏమీ లేనట్టు కనిపించడానికి లోపల అంత చేశారు.

మన దగ్గర ఇప్పుడు దీనికి తిరగబడి నడుస్తోంది. పెళ్లి జాకెట్టుకి మగ్గం వర్క్ చేయిస్తున్నాం. వేలల్లో ఖర్చు. వీపు మీద ఏనుగులు, చేతుల మీద పల్లకీలు, పూసలు, జరీ, అద్దాలు. పనివాళ్ల చేతులకి దండం పెట్టాలి. నేను కాదనను. కానీ పెళ్లికూతురు దండ వేయడానికి చేతులెత్తుతుంది. అక్కడ జాకెట్టు పైకి లేస్తుంది. పక్కనున్న పిన్ని గబగబా వచ్చి కిందికి లాగుతుంది. వీడియోలో అది కూడా పడుతుంది. మగ్గం మీద పూసలు కుట్టేశాక ఆ చెయ్యి ఇక విప్పడం కుదరదు. అందుకే ముందు చెయ్యి. తర్వాతే పూసలు.

ఎలా చేయాలి? చాలా తేలిక. పెద్ద పెద్ద దుకాణాల్లో పట్టుబట్ట కోసే ముందు మామూలు నూలుబట్టతో ఒకటి కుట్టి చూస్తారు. మనం లైనింగ్ బట్టతో కుట్టించుకోవచ్చు. మీటరు గుడ్డ చాలు. కచ్చా కుట్టు వేయించండి. తొడుక్కోండి. అద్దం ముందు చేతులు దించి చూసుకోండి. అందరం అది చేస్తాం. తర్వాత చెయ్యెత్తి చూడండి. ముందుకి చాచి చూడండి. వెనక్కి పెట్టి జడ ముడి వేసుకున్నట్టు చూడండి. నడుం దగ్గర పట్టీ కదలకపోతే చెయ్యి కుదిరినట్టే. కదిలితే చంక ఎంత పైకి తేవాలో అప్పుడే గుర్తు పెట్టించండి. కుదిరాక అదే మీ ఆది జాకెట్టు. పాత ఆది జాకెట్టుని ఇక పక్కన పడేయండి. అందులో ఉన్న చిక్కే ఇన్నేళ్లుగా ప్రతి కొత్త జాకెట్టులోకీ వస్తోంది.

మీ దర్జీ ఏమంటాడో నాకు తెలుసు. అందరికీ ఇలాగే కుడుతున్నానమ్మా, ఎవరూ ఏమీ అనలేదు అంటాడు. పోట్లాడకండి. బాబూ, చంక ఒక అరంగుళం పైకి తెచ్చి, చెయ్యి ఒక అరంగుళం వెడల్పు చెయ్యి, ఈ లైనింగ్ గుడ్డ పాడైతే నాది పూచీ అనండి. గుడ్డ తనది కాదని తెలిస్తే ఏ దర్జీ అయినా ప్రయత్నిస్తాడు. కుదిరాక వాడే నలుగురికి చూపిస్తాడు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ పనికి పండగ ముందు వారం వెళ్లకండి. అప్పుడు బలెన్సియాగా దిగొచ్చి అడిగినా మీ దర్జీ కుట్టిన చెయ్యి విప్పడు. నెల ముందు వెళ్లండి.